మన వయసుకు ఏ మోటారు సైకిలు?

రోజూ బజారుకూ, ఏడాదికోసారి శ్రీశైలానికీ ఒకే బండి కావాలని మిత్రులు అడుగుతున్నారు. 350 సీసీ చాలు. 20 అశ్వశక్తితో ఘాట్ రోడ్డు మీద ఇద్దరిని లాగుతుంది. ఆపైన జీఎస్టీ కూడా ఎక్కువే: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 దాకా 18 శాతం, దాటితే 40.

మనం చూడవలసింది బరువు, సీటు ఎత్తు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 195 కిలోలు, సీటు 805 మిల్లీమీటర్లు. మీటియార్ 191 కిలోలు, సీటు 765. నాబోటి పొట్టివాడికి రెండు పాదాలూ నేలకానేది దీనిమీదే. షోరూములో ఇంజను ఆపి, వెనక్కి నెట్టి చూడండి. పడితే బండికి గీత, మనకు తుంటి ఎముక! ఇంటావిడనూ తీసుకెళ్ళండి. ఆవిడ వెనక ఎక్కలేకపోతే సదరు బండి వద్దు.