పురపాలక పాఠశాలకు దిక్కెవరు?

(ఒక పట్టణ పఠనమందిరమున గావింపబడిన ఉపన్యాసము)



ప్రాథమిక విద్యను క్రమక్రమముగ నిర్బంధము చేయవలెనని గోఖలే మహాశయుడు 1911లో బిల్లు ప్రతిపాదించెను. మరుసటి సంవత్సరమున అది త్రోసివేయబడెను. ఆ కోరిక దేశమంతటికి శాసనమగుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. 2009లో విద్యాహక్కు చట్టము వెలువడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బిడ్డకును ఉచితముగ చదువుకొను హక్కు గలదు. ఆ హక్కు కాగితమునుండి పిల్లవాని పలకమీదికి దిగినదా యనునదే నేటి ప్రశ్న.

మన పురపాలక పాఠశాలలకు వచ్చువారెవరు? తాపీపనివారి, ఆటోలు నడపువారి, వీధులూడ్చువారి, ఇండ్లలో పాచిపని చేయువారి బిడ్డలు. తల్లి వేకువనే పనికి బోవును. ఇంట పాఠము చెప్పువారుండరు. అట్టి బిడ్డకు బడిలో దొరకిన గడియలే చదువు. అవి పోయినచో తిరిగి రావు.

ఆ గడియలెట్లు వ్యయమగుచున్నవో చూడుడు. చట్టము ప్రకారము అరువదిమంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలును. తరగతులు మాత్రము అయిదు! ఒకే గదిలో ఒకటవ తరగతిచే అక్షరములు దిద్దించుచు, రెండవ తరగతిచే కూడికలు చేయించుచు, మూడవ తరగతివారి వాచకమును వినవలెను. నేర్పుగల ఉపాధ్యాయిని ఈ భారమునైనను మోయగలదు. పెద్దపిల్లలచే చిన్నవారికి చెప్పించును. ఒకే కథను మూడు తరగతులకు మూడు విధముల వినియోగించును. కాని ఆమె భోజనపు లెక్కలు వ్రాయ గూర్చుండిన యెడల, ఆ మూడు తరగతుల చదువును నిలిచిపోవును. తోటి ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన దినమున అయిదు తరగతులును ఆమె తలపైననే పడును. జనగణన, ఎన్నికలు, విపత్సహాయము తప్ప అన్యమైన బోధనేతర కార్యములకు ఉపాధ్యాయులను నియోగింపరాదని చట్టమందలి 27వ సెక్షను శాసించుచున్నది. ఆ కట్టడిని అడిగి నిలుపువారెవరు?

చదువుకొన్న కుటుంబములు తమ బిడ్డలను వేరు బడులకు పంపుకొన్నవి. అంతటితో పురపాలక పాఠశాల పక్షమున మాటాడు నోరు పట్టణమున కరవైనది. పట్టణము తలచుకొన్న నేమి చేయగలదో 1920లో మద్రాసు నగరసభ చూపెను. తెలుగువారైన పిట్టి త్యాగరాయ సెట్టిగారి అధ్యక్షతన ఆ సభ, థౌజండు లైట్సు పేటలోని తన పాఠశాల పిల్లలకు తలకు దినమునకొక అణా మించకుండ ఫలాహారము పెట్ట నిశ్చయించెను. ఆకలిగొన్న బిడ్డకు అక్షరమంటదని గ్రహించిన సభ్యులు, పై ప్రభుత్వముకొరకు వేచియుండలేదు.

నేటి చట్టము మరియొక మార్గమును చూపినది. పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడుపాళ్లు బిడ్డల తల్లిదండ్రులు, సంరక్షకులే యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలు గావలెను. కాని పగటిపూట సమావేశమునకు వచ్చిన తల్లికి ఆనాటి కూలి పోవును. తన హక్కేమో చదివి చెప్పు తోడును ఆమెకు లేదు. పఠనమందిర సభ్యులు చేయదగిన కార్యమిదియే. సమావేశములు సాయంకాలము జరుగునట్లు చూడుడు. చట్టమును తెలుగున చదివి వినిపింపుడు. ఉపాధ్యాయుల ఖాళీలెన్ని, పాఠము జరిగిన దినములెన్ని యని ఆ తల్లులే ప్రశ్నించునట్లు వారి ప్రక్కన నిలువుడు.

పలకలు పంచి ఛాయాచిత్రము తీయించుకొనుట సులభము. ఉపాధ్యాయుని గడియలు బిడ్డలకే దక్కునట్లు ఏడాది పొడుగున కావలి కాయుట కష్టము. ఆ కష్టమునకే మిమ్ము పిలుచుచున్నాను.