మనిషి లేని విమానములు – దుబాసీ యంత్రములు



మనుష్యుడు లోపల కూర్చుండని విమానములు నేటి యుద్ధభూములలో విరివిగా ఎగురుచున్నవి. నడపువాడు ఎచ్చటనో నేలమీద యంత్రము ముందు కూర్చుండి ఆజ్ఞల నిచ్చును. చిక్కు ఏమనగా, ఒక్కొక్క విమానము ఒక్కొక్క కర్మాగారమున పుట్టినది. దాని సంకేతములు దానివే. ఒక సైన్యపు విమానము శత్రువును చూచినను, ప్రక్కనున్న మిత్రసైన్యమునకు ఆ చూపు అందదు.

ఇందులకై నాటో కూటమివారు 4586 సంఖ్యగల ప్రమాణపు టొడంబడిక నొకదానిని వ్రాసికొనిరి. అందు ఐదు మెట్లున్నవి. మొదటి మెట్టున విమానము చూచినది పరుల ద్వారా మనకు చేరును. రెండవదాన తిన్నగా చేరును. మూడవదాన దాని కెమెరాను మనమే త్రిప్పవచ్చును. నాల్గవదాన విమానమునే నడపవచ్చును, ఎగిరించుటయు దింపుటయు తప్ప. ఐదవదాన అవియు మన చేతిలోనివే.

ఇందు నాకు నచ్చినది నడుమనుండు దుబాసీ. నేలమీది యంత్రము అందరి యొడంబడిక భాషలో ఆజ్ఞాపించును. దుబాసీ దానిని ఆ విమానపు సొంత భాషలోనికి మార్చును. ద్విభాషి యను సంస్కృతశబ్దమే జనుల నోట దుబాసీ యైనది. కుంపిణీ దొరల నాటి దుబాసీల నేర్పును, కొందరి టక్కును మీరు వినియే యుందురు. దుబాసీ తప్పు పలికిన ఇరుపక్షములకును చేటే.

కావున పరీక్ష కావలెను. నిజమైన విమానములతో ప్రతిసారియు పరీక్షించుట వ్యయము, అపాయము. గణనయంత్రములలో మాయారంగమును కల్పింతురు. 1980 దశకమున అమెరికావారు సిమ్‌నెట్ అను పేర, వేర్వేరు చోట్లనున్న కృత్రిమ ట్యాంకులను తంతులచే కలిపి ఒకే రణభూమిలో పోరాడించిరి. నేడు కొన్ని పరీక్షలలో విమానపు మెదడు నిజమైనదే. గాలియు ఎత్తును మాత్రము కల్పితములు. సంకేతము ఆలస్యమైనట్లు, రెండు కేంద్రములు ఒకేసారి పగ్గములు పట్టినట్లు కల్పించి చూతురు. పిదప నిజమైన ఆకాశము. మన కర్నూలు పరీక్షాక్షేత్రమున 2025 జూలైలో ఇట్టి విమానమునుండి క్షిపణిని ప్రయోగించిరి.

అయినను కల్పనలో నుంచినదే కల్పనలో దొరకును. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధమున, కువైటు సరిహద్దు చెంత, అమెరికావారి పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ మరలివచ్చుచున్న బ్రిటిషు టోర్నడో విమానమును శత్రుక్షిపణి యని భ్రమించెను. లోనున్న ఇరువురును మరణించిరి. యంత్రమునకు నేర్పిన శత్రులక్షణములు అతివ్యాప్తములని విచారణలో తేలెను. తర్కము చదివినవారికి ఆ దోషము క్రొత్తది కాదు. విమానము పంపవలసిన ‘మిత్రుడ’ను సంకేతమును బహుశః పనిచేయలేదని తలచిరి. మాటపడిపోయిన మిత్రుని సైతము మాయారంగమునకు దెచ్చి పలుమారు ఆడించి చూడవలెనని నా యభిప్రాయము.