తాత పట్టాను ఏ ఫైలులో దాచుకుందాం?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన యువతీ యువకులతో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. దండారి గురించి, గుస్సాడీ గురించి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఇక్కడే ఉన్నారు. నేను హాస్టల్ వార్డెన్ను. పొద్దున లేస్తే నా చేతిలో ఉండేవి కాగితాలే. అందుకే ఈరోజు కాగితాల గురించే మాట్లాడతాను. ముందు నా తప్పు ఒకటి చెబుతాను.

1940లో కొమరం భీం నేలకొరిగిన తరువాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపిన సంగతి మీకు తెలుసు. ఆ దశాబ్దంలోనే మన తాతలు చాలామందికి భూమి పట్టాలు వచ్చాయి. మా తాతకూ ఒకటి వచ్చింది. ఉర్దూలో రాసిన కాగితం, మీద ఫస్లీ సంవత్సరం. మా నాన్నమ్మ దాన్ని గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో దాచింది. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదు. అయినా ఆ కాగితం బయటికి తీస్తే నాన్నమ్మ ముందు చేతులు కడుక్కునేది.

పదేళ్ల కింద ఒక రాత్రి దీపం వెలుగులో నేను దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇక భద్రమే అనుకున్నాను. తరువాత నా ఫోన్ పాడైపోయింది. ఇంకో వానాకాలం కప్పు కారి పెట్టెలోకి నీళ్లు దిగాయి. కాగితం ముద్దయింది. మిగిలింది గ్రూపులో చేతులు మారిన ఆ ఫొటో ఒక్కటే.

భూమిని నాన్న పేరు నుంచి తమ్ముడి పేరు మీదికి మార్చుకునేటప్పుడు పాత సర్వే నంబరు కావలసి వచ్చింది. ఉర్దూలో రెండు అంకె, మూడు అంకె దాదాపు ఒకేలా ఉంటాయి. మూడుకు పైన ఒక పన్ను ఎక్కువ, అంతే తేడా. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆ చోట బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు. ఉర్దూ చదివే పెద్దాయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూసి, "అమ్మా, ఇది రెండో మూడో నేను చెప్పలేను" అన్నాడు. ఆ ఒక్క పన్ను కోసం మా తమ్ముడు ఎనిమిది నెలలు తిరిగాడు. చివరికి 1954-55 ఖాస్రా పహాణీ నకలులో దొరికింది. దొరకకపోతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

ఆ తరువాతే నేను ఈ ఫైళ్ల సంగతి నేర్చుకున్నాను. కష్టమేమీ కాదు. మన ఇళ్లలో విత్తనపు జొన్నలు వేరు, తిండి జొన్నలు వేరు. ఎంత ఆకలైనా విత్తనం ముట్టుకోం. ఫైళ్లకూ అదే లెక్క.

విత్తనం ఫైలు పేరు టిఫ్. స్కానర్ చూసిన ప్రతి చుక్కనూ అది ఉన్నది ఉన్నట్టు దాస్తుంది. అందుకే బరువు ఎక్కువ. ఏ4 కాగితాన్ని కలర్‌లో 300 డీపీఐతో స్కాన్ చేస్తే సుమారు 26 ఎంబీ అవుతుంది. భయపడకండి. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో అలాంటివి వెయ్యికి పైగా పడతాయి. మన ఇంట్లో ఉండే కాగితాలు ఎన్ని? ఇరవయ్యో, ముప్పయ్యో. చిన్న పాత ఫొటోలైతే 600 డీపీఐ పెట్టించండి, మొహాలు స్పష్టంగా వస్తాయి. టిఫ్ కుదరకపోతే పీఎన్‌జీ. అది కూడా ఏమీ పారేయదు.

తిండి ఫైలు జేపెగ్. మన కంటికి అంతగా ఆనని వివరాలను పారేసి ఫైలును చిన్నది చేస్తుంది. పెళ్లి ఫొటోకు అది చాలు. కానీ పాత సిరా గీతల అంచుల దగ్గరే అది ఎక్కువ దెబ్బ తీస్తుంది. దాన్ని తెరిచి, కత్తిరించి, మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. ఊరికే కాపీ చేస్తే ఏమీ పోదు, మార్చి సేవ్ చేస్తేనే పోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది ఇంకా కుదించి పంపుతుంది. పంపక తప్పకపోతే 'డాక్యుమెంట్'గా పంపండి. ఇంకో మాట, పాడైన జేపెగ్‌ను తరువాత టిఫ్‌గా మార్చినా పోయింది తిరిగి రాదు. పిండి చేసిన జొన్నను విత్తితే మొలుస్తుందా?

మరి పీడీఎఫ్? నాలుగైదు పేజీలను వరసగా ఒకచోట ఉంచడానికి, ఆఫీసులో ఇవ్వడానికి, ప్రింటు తీయడానికి అది మంచిది. చాలా కాలం దాచే ఉద్దేశంతో చేసిన రకం కూడా ఒకటి ఉంది, పీడీఎఫ్-ఏ అంటారు. అయితే పీడీఎఫ్ ఒక సంచి లాంటిది. లోపల పెట్టిన బొమ్మ మసకగా ఉంటే సంచి మంచిదైనా లాభం లేదు. అందుకే ముందు టిఫ్, దాని నుంచి పీడీఎఫ్. ఈ వరస తిరగేయకండి.

స్కాన్ చేయించడానికి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా అడగండి: "అన్నా, కలర్‌లో, 300 డీపీఐ, టిఫ్ ఫైలు ఇవ్వు." నలుపు తెలుపులో చేస్తాం, తొందరగా అవుతుంది అంటారు. ఒప్పుకోకండి. వెలిసిన సిరా, ముద్ర రంగు, వేలిముద్ర అన్నీ అందులో మాయమవుతాయి. ఫోన్ యాప్‌లలో 'శుభ్రం చేసే' మీట కూడా అంతే, మరకతో పాటు అక్షరాన్నీ తుడిచేస్తుంది.

ఫైలుకు పేరు పెట్టండి. 'స్కాన్ 001' అని ఉంటే పదేళ్ల తరువాత మీకే తెలియదు. ముందు సంవత్సరం, తరువాత ఊరు, ఇంటిపేరు, ఏ కాగితం అన్నది. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. పక్కన ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఫొటోలో ఎవరెవరు ఉన్నారు, ఏ సగ, ఎవరు చెప్పారు అన్నది యూనికోడ్ తెలుగులో రాయండి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతలుగా కనబడుతుంది. నార్నూర్ మండలం గుంజాలలో మన పెద్దలు దాచిన చేతిరాతల వల్లే మన లిపి లోకానికి తెలిసింది, 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. వాళ్లు దాచకపోతే ఎక్కించడానికి ఏముండేది?

మూడు కాపీలు ఉంచండి. ఒకటి ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో, ఒకటి కంప్యూటర్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర. ఏడాదికోసారి, దండారికి అందరూ కలిసినప్పుడు, తెరిచి చూడండి. పట్టాలను మాత్రం అందరూ చూసే గ్రూపుల్లో పెట్టకండి. మన భూముల మీద ఎవరి కళ్లు ఉంటాయో 1/70 చట్టం ఎందుకు వచ్చిందో తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

చివరగా, స్కాన్ అయిపోయింది కదా అని అసలు కాగితాన్ని పారేయకండి. దాని బలం దానిదే. లామినేషన్ చేయించకండి, తరువాత విడదీయడం కుదరదు. తడి, చెదలు తగలని చోట పెట్టండి. అటవీ హక్కుల చట్టం కింద కమిటీ ముందు పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. కానీ పెద్దలు ఎల్లకాలం ఉండరు కదా.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు రేకు పెట్టె తెరవమని నాన్నమ్మను అడగండి. చేతులు కడుక్కుని, పక్కన కూర్చుని, ఒక్కొక్క కాగితం ఏమిటో చెప్పించుకోండి. తరువాతే స్కానర్ దగ్గరికి వెళ్లండి. మా నాన్నమ్మను నేను అడగలేదు. మీకు ఇంకా సమయం ఉంది.

రాం రాం.