చేతి సబ్బుల తయారీ: పెద్ద వాయికి కావలసిన సామగ్రి, ఏర్పాట్లు
(సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకాలు మూసే వేళకు సభ్యులు మమ్మల్ని వేరే సంగతులు కూడా అడుగుతూ ఉంటారు. ఈ మధ్య తరచుగా వస్తున్న ప్రశ్న సబ్బుల గురించి. "ఇంట్లో అరకిలో, కిలో నూనెతో సబ్బు చేస్తున్నాం, బాగానే వస్తోంది, అంగళ్ళ వాళ్ళు అడుగుతున్నారు. ఇక ఒకేసారి పది కిలోల నూనెతో చేద్దామనుకుంటున్నాం. సంఘంలో ఖాళీ గది ఉంది, పాత క్యాన్లు ఉన్నాయి, కాటా ఉంది, సరిపోతాయా?" అని అడుగుతున్నారు. సరిపోవు. ఎందుకు సరిపోవో, మరి ఏం కావాలో చెప్పడానికే ఈ పూట మీ ముందు నిలబడ్డాము.

ముందుగా క్యాన్ల సంగతి. మన పాత పాల క్యాన్లలో చాలా భాగం అల్యూమినియంవి. సత్తు అనండి, సిల్వరు అనండి, అన్నీ ఒకటే. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. తింటూ తింటూ వేడెక్కి, నురగలు కక్కి, హైడ్రోజన్ వాయువును వదులుతుంది. అది మండే వాయువు. ఒక సంఘంలో, పేరు ఎందుకు లెండి, సోడా నీళ్ళు ఇలాంటి క్యానులో కలిపి, పిల్లలు ముట్టుకోకుండా మంచి ఉద్దేశంతోనే మూత బిగించారు. కాసేపటికి మూత ఎగిరి వాసానికి తగిలింది, గోడ నిండా నల్లటి నురగ. ఆ సమయానికి గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. జింకు పూత వేసిన ఇనప బకెట్లు, ఇత్తడి, రాగి పాత్రలు కూడా పనికిరావు. గాజు పాత్ర మొదట్లో బాగానే కనిపిస్తుంది గాని సోడా దాన్ని కొద్దికొద్దిగా కొరికి ఒకనాడు చేతిలోనే పగిలేలా చేస్తుంది.

కావలసింది స్టెయిన్‌లెస్ స్టీలు. పది కిలోల నూనె వాయికి 30 లీటర్ల స్టీలు గంగాళం ఒకటి, సోడా నీళ్ళకు పది లీటర్ల స్టీలు పాత్ర ఒకటి, పొడవు కాడ ఉన్న స్టీలు గరిటెలు రెండు. గంగాళంలో సగానికి మించి నింపవద్దు. అడుగున కుళాయి పెట్టించుకుంటే అచ్చులో పోయడం తేలిక. అయితే ఆ కుళాయి కూడా స్టీలుదే కావాలి, ఇత్తడిది బిగిస్తే మొదటికే మోసం. స్టీలు పాల క్యాను మిగిలి ఉంటే వాడుకోవచ్చు గాని, ఒకసారి సబ్బుకు వాడిన క్యాను మళ్ళీ పాలకు రాకూడదు. దానికి ఎర్ర రంగు పట్టీ వేసి, స్టాకు రిజిస్టరులో కూడా వేరుగా రాయండి. తనిఖీలో మేము మొదట చూసేది ఆ పట్టీనే.

ఇక కాటా. అందరూ తేలికగా తీసుకునేది దీన్నే. నూనెల్లో ఒక్కొక్కటి సబ్బుగా మారడానికి ఒక్కొక్క పరిమాణంలో సోడా అడుగుతుంది. కిలో కొబ్బరినూనెకు 183 గ్రాములు, పామాయిల్‌కు 141, తవుడు నూనెకు, ఆముదానికి సుమారు 128 గ్రాములు. నాలుగు కిలోల కొబ్బరినూనె, నాలుగు కిలోల పామాయిల్, కిలోన్నర తవుడు నూనె, అరకిలో ఆముదం కలిపి పది కిలోలు అనుకుందాం. లెక్క వేస్తే 1,552 గ్రాముల సోడా వస్తుంది. అంతా వేయకూడదు. చర్మానికి హాని లేకుండా కొంత నూనె మిగలాలి కాబట్టి నూటికి అయిదు వంతులు తగ్గించి 1,474 గ్రాములు వేస్తాము. అంటే మనం వదులుకున్న జాగా 78 గ్రాములు మాత్రమే. పాలు తూచే పెద్ద కాటా 50 గ్రాములు అటూ ఇటూ చూపితే పాల బిల్లులో పెద్ద తేడా ఉండదు. ఇక్కడ ఆ 50 గ్రాములకు తోడు నూనె తూకంలో మరి కాస్త తప్పు కలిస్తే, మిగిలిపోయిన సోడా కొన్నవారి ఒంటి మీదికి చేరుతుంది. పసిపిల్లకు స్నానం చేయించే తల్లికి మన కాటా సంగతి ఏం తెలుస్తుంది?

అందువల్ల కాటాలు రెండు ఉండాలి. నూనెలకు 30 కిలోల ఎలక్ట్రానిక్ కాటా. సోడాకు ఒక్క గ్రాము తేడా చూపే చిన్న కాటా. అమ్మకానికి తూచేవాటికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి. లీటర్ల కొలతతో నూనె పోయవద్దు, అన్నీ తూకం మీదనే. కొత్త రకం నూనె తెచ్చిన ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయాలి. వేప, కానుగ, ఇప్ప వంటి తినడానికి పనికిరాని నూనెలతో సబ్బు చేయించాలని ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఎన్నో ఏళ్ళుగా ప్రోత్సహిస్తూ వచ్చింది. మన ప్రాంతాల్లో అవి దొరుకుతాయి, మంచివే. కాని కొబ్బరినూనె లెక్కతో వేపనూనె సబ్బు చేస్తే ఎక్కువైన సోడా సబ్బులోనే మిగులుతుంది.

సోడా కలిపే పద్ధతి ఇంట్లో చేసేవారికి తెలిసిందే అయినా పెద్ద వాయిలో మరోసారి చెప్పక తప్పదు. నీళ్ళలో సోడా వేయాలి గాని సోడా మీద నీళ్ళు పోయకూడదు. మన సంఘాల టెస్టర్లకు ప్రత్యేకంగా చెబుతున్నాము. వెన్న శాతం పరీక్షలో ముందు ఆమ్లం, తర్వాత పాలు పోసి పోసి మీకు చేయి అలవాటు పడి ఉంటుంది. ఇక్కడ నీళ్ళే ముందు. మూడు కిలోల చన్నీళ్ళలో కిలోన్నర సోడా కొద్దికొద్దిగా వేస్తూ కలిపినా 80, 90 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ఆవిరి గొంతులో మంట పెడుతుంది. కాబట్టి ఆ పని వరండాలోనో, రెండు వైపులా కిటికీలున్న గదిలోనో చేయాలి. కళ్ళకు పూర్తిగా మూసుకునే అద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కాళ్ళకు మూసిన చెప్పులు ఉండాలి. చీర కొంగు దోపుకుని పైన రబ్బరు ఏప్రాను కట్టుకోవాలి. పక్కనే కుళాయి గాని, నిండు నీళ్ళ తొట్టి గాని ఉండాలి. ఒంటి మీద చిందితే తడిసిన బట్ట తీసేసి పదిహేను ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళు పోయాలి. కంట్లో పడితే అంతసేపూ కడిగి ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. నిమ్మరసం, వెనిగరు పోయడం మంచిది కాదు, మంట ఇంకా పెరుగుతుంది. సోడా సంచీకి గాలి తగిలితే చెమ్మ లాగి బలం తగ్గుతుంది గనుక మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, తాళం వేసిన అలమరలో ఉంచండి. టెస్టరు గదిలోని ఆమ్లం సీసాల పక్కన మాత్రం పెట్టవద్దు.

కలపడానికి మజ్జిగ కవ్వం వాడతామని కొందరు అంటున్నారు. సోడాకు చెక్క నాని పీచులు ఊడుతుంది, ఆ పీచులు సబ్బులో తేలతాయి. వంటింటి హ్యాండ్ బ్లెండరు కిలో సబ్బుకు చాలుతుంది, పది కిలోలకు వేడెక్కి కాలిపోతుంది. తక్కువ వేగంతో తిరిగే డ్రిల్లుకు స్టీలు రెక్క బిగించుకుంటే చవకగా పని జరుగుతుంది. రెక్క పూర్తిగా మునిగాకే స్విచ్చి వేయాలి, ఆపాకే పైకి తీయాలి. నూనె, సోడా నీళ్ళు రెండూ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కలిపి, దోసెల పిండి జారుకు వచ్చాక అచ్చులో పోయాలి. ఉష్ణమాపకం స్టీలు కాడది కొనండి, పాల గాజు థర్మామీటరు తెచ్చి ముంచవద్దు.

చిన్న వాయి లెక్కను పదితో గుణిస్తే పెద్ద వాయి రాదని చెప్పడానికి అచ్చే సాక్ష్యం. సబ్బు గడ్డకట్టేటప్పుడు తనలో తాను వేడెక్కుతుంది. చిన్న అచ్చులో ఆ వేడి బయటికి పోతుంది, లోతైన పెట్టెలో నడుమనే ఉండిపోయి సబ్బు పొంగి పగులుతుంది. మన ఎండాకాలంలో అయితే మరీను. అందుకే లోతు తక్కువగా ఉన్న ప్లైవుడ్ పెట్టె మేలు. పొడవు 50, వెడల్పు 48, లోతు 7 సెంటీమీటర్లు ఉంటే మన పద్నాలుగున్నర కిలోల ముద్ద అందులో పడుతుంది. లోపల మందపాటి పాలిథిన్ పరవాలి. పాలతో చేసే సబ్బుకు ఈ జాగ్రత్త రెట్టింపు. పాలలోని చక్కెర సోడా వేడికి మాడి గోధుమరంగు తిరుగుతుంది, ముక్కు ఘాటెక్కే వాసన వస్తుంది. నీటిలో సగం తగ్గించి సోడా కలిపి, తగ్గించిన మేరకు చల్లని పాలను నూనెలో కలిపితే చాలావరకు తప్పుతుంది. రుచి మారిందని తిరిగొచ్చిన పాలకు సబ్బులో చోటు దొరుకుతుందని మాత్రం ఆశ పడవద్దు.

ఒకటి రెండు రోజులకు అచ్చు విప్పి, చట్రానికి బిగించిన సన్నని స్టీలు తీగతో కోయాలి. కత్తితో కోస్తే బిళ్ళల బరువులు సమానంగా రావు. చిత్తు పోను 120 బిళ్ళలు లెక్కకు పెట్టుకోండి. పచ్చి బిళ్ళ సుమారు 112 గ్రాములుంటే ఆరాక 100కు అటూ ఇటూగా దిగుతుంది.

ఇప్పుడు అందరూ మరిచిపోయే సామాను, అరలు. సబ్బు నీడన, గాలి తగిలేలా నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి. వారానికి రెండు వాయిలు చేస్తే 240 బిళ్ళలు, ఆరు వారాలకు 1,440 బిళ్ళలు ఎప్పుడూ అరల మీదే ఉంటాయి. బిళ్ళకు బిళ్ళకు వేలు పట్టేంత ఎడం వదిలితే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న అరలో 140 పడతాయి. అంటే అయిదు అరల చెక్క స్టాండ్లు రెండు కూడా చాలవు, మూడోది కావాలి. కోస్తా జిల్లాల్లో వానాకాలం ఆరడం ఇంకా ఆలస్యం, బిళ్ళల మీద చెమ్మ చేరుతుంది, ఒక ఫ్యాను కూడా ఖర్చులో రాసుకోండి.

అరలంటే మేము చెక్క గురించి మాత్రమే మాట్లాడటం లేదు. పాల బిల్లు పక్షానికి ఒకసారి చేతికి వస్తుంది, ఆ డబ్బుతోనే దాణా, పిల్లల ఫీజులు నడుస్తాయి. సబ్బులో పెట్టిన డబ్బు ఆరు వారాలు అరమీద కూర్చుని, ఆపైన అంగడివాడి అరువులో మరో నెల కూర్చుంటుంది. పన్నెండు వాయిల నూనె ఖరీదు చేతి నుంచి పెట్టుకోగలిగిన వారే వారానికి రెండు వాయిలు మొదలుపెట్టాలి. పెట్టుకోలేనివారు వారానికి ఒకటి చేయండి, తప్పేమీ లేదు. గేదె అమ్మి గంగాళం కొన్నామని మా దగ్గరికి రావద్దని ముందే చెబుతున్నాము.

ఇక సంఘం సొమ్ము సంగతి. పాల సంఘం బైలాలో సబ్బుల తయారీ లేనప్పుడు సంఘం నిధి నుంచి ఒక్క రూపాయి కూడా దానికి ఖర్చు రాయకూడదు. సర్వసభ్య సమావేశంలో తీర్మానించి బైలా సవరణ రిజిస్టరు చేయించుకోండి, లేదా సభ్యులు వేరే బృందంగా ఏర్పడి వేరే ఖాతా పెట్టుకోండి. రెండో దారే తేలికని మా అభిప్రాయం. పాలు సేకరించే గదిలో మాత్రం ఏ దారిలోనూ సబ్బు చేయకూడదు. అమ్మకానికి స్నానపు సబ్బు చేసేవారికి లైసెన్సు కూడా ఉండాలి. 1982 సవరణతో సబ్బు కూడా సౌందర్య సాధనాల చట్టం కిందికి వచ్చింది, ఇప్పుడు 2020 నాటి నియమాలు అమలులో ఉన్నాయి. ఔషధ నియంత్రణ శాఖ వారు గది, నీరు, సామాను చూసి లైసెన్సు ఇస్తారు. అందుకే గది కట్టాక వారిని అడగడం కంటే కట్టకముందే అడగడం ఖర్చు తక్కువ. అట్ట మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలి. బరువు ఆరిన తర్వాత తూచిందే రాయాలి.

ప్రతి వాయికీ ఒక నంబరు వేసి, తేదీ, నూనెల తూకం, సోడా తూకం, కలిపినవారి సంతకం ఒక రిజిస్టరులో రాయండి. ఆరిన బిళ్ళను కోసి, తడి చేసి, పాల శీతలీకరణ కేంద్రాల్లో ఆమ్లత పరీక్షకు వాడే ఫినాఫ్తలీన్ చుక్క వేయండి. లేత గులాబీ సహజమే. గాఢంగా ఎరుపెక్కితే ఆ నంబరు వాయిని మొత్తంగా ఆపి ఉంచాలి.

పాత్రలు కడిగే సంగతి చెప్పి ముగిస్తాము. గంగాళానికి అంటిన పచ్చి ముద్దను వెంటనే చేత్తో కడగవద్దు, ఒక రోజు వదిలేస్తే అదే సబ్బవుతుంది, మర్నాడు వేడి నీళ్ళు పోస్తే వదులుతుంది. ఆ కడుగు నీరు పశువుల తొట్టి వైపు గాని, కాలువలోకి గాని పోకుండా వేరే ఇంకుడు గుంటలోకి మళ్ళించండి. భోజనాల తర్వాత పెరట్లో రెండు కిలోల వాయి చేసి చూపిస్తాము. తొడుగులు, కంటి అద్దాలు ఆరు జతలే ఉన్నాయి గనుక ఆరుగురు చొప్పున దగ్గరికి రండి, మిగతావారు వరండా మెట్ల మీద కూర్చుని చూడవచ్చు.