కొండెక్కని దీపము



మన ఇండ్లలో పెద్దలు దీపము ఆరినది అనరు, కొండెక్కినది అందురు. ఆరుట అను మాట అమంగళమని వారి భావము. నేడు నేను చెప్పబోవునది, కొండెక్కినట్లు కనబడుచునే కొండెక్కక నిలిచియుండు ఒక దీపమును గూర్చి. గోడలోని మామూలు స్విచ్చిని తీసివైచి, దాని స్థానమున స్మార్టు డిమ్మరు అను పరికరమును బిగించుట ఈ మధ్య వాడుకలోనికి వచ్చినది. ఆ పని మా ఇంటను జరిగినది. అందు నేను నేర్చిన పాఠము కొంచెము కష్టముతో నేర్చినది. చిరకాలము పాఠములు చెప్పి బ్రతికినవాడను కనుక దానిని మీకు చెప్పక యుండలేను.

మొదట దీని అవసరమేమో మనవి చేసెదను. వయసు మళ్లిన కంటికి వెలుతురు తక్కువైనచో అడుగు కానరాదు. ఎక్కువైనచో, అందును నిద్రలేచిన వేళ, కన్ను చెదరి అప్పుడును అడుగు కానరాదు. నా సహధర్మచారిణి రెండు కన్నులలోను శుక్లములు ముదిరి, శస్త్రచికిత్సకు ఎదురుచూచుచుండిన దినములవి. రాత్రివేళ లేచి దీపము వేయుటయు, ఆ వెలుగు సూదులవలె గ్రుచ్చుకొనగా కన్నులు మూసికొని గుమ్మమునకు తగులుకొనుటయు రెండుమారులు జరిగినది. వృద్ధులు పడుట స్వల్పవిషయము కాదు. తుంటి ఎముక విరిగి మంచము పట్టినవారిని మీలో అనేకులు చూచియే యుందురు.

కిరోసిను లాంతరు కాలమున ఈ చిక్కు లేదు. పడుకొనబోవునప్పుడు వత్తిని తగ్గించి లాంతరును మూలనుంచుట మన తల్లులు ప్రతిరాత్రియు చేసిన పనియే. విద్యుద్దీపము వచ్చి, వెలుగును పెంచెను గాని, ఆ వత్తి తగ్గించు మరను మన చేతినుండి తీసికొని పోయినది. మామూలు స్విచ్చికి అస్తి, నాస్తి అను రెండు మాటలే తెలియును. నడిమి మాట నేర్చిన స్విచ్చియే డిమ్మరు.

అది ఎట్లు పనిచేయునో చూతము. మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. సెకనునకు 50 మారులు ముందునకును వెనుకకును ఊగును. ఒక్కొక్క ఊపునకు రెండేసి అరయలలు, అనగా సెకనునకు 100. డిమ్మరు ప్రతి అరయలలోను కొంతభాగమును కోసివైచి, మిగిలినదానినే దీపమునకు పంపును. ఇంత వేగముగా జరుగు కోతను కన్ను పట్టుకొనలేదు, వెలుగు తగ్గినట్లే తోచును. పూర్వము నాటకశాలలలో వెలుతురు తగ్గించుటకు పెద్ద పెద్ద నిరోధములను అడ్డు పెట్టెడివారు. మిగిలిన శక్తి వేడియై వ్యర్థముగా పోయెడిది. గోడపెట్టెలో ఇముడునట్టి ఎలక్ట్రానిక్ డిమ్మరును అమెరికాలో జోయెల్ స్పైరా అను నతడు 1959 లో రూపొందించి, 1961 లో లూట్రాన్ అను సంస్థను నెలకొల్పెను. నేటి స్మార్టు డిమ్మరు దానికి మనుమని వంటిది. దీనిలో ఒక చిన్న గణకయంత్రమును, రేడియో తరంగముల నందుకొను సాధనమును అదనముగా ఉండును. సెల్‌ఫోను చెప్పినను, నియమించిన గంట వచ్చినను వెలుగును మార్చును. రాత్రి పదిగంటలు దాటినపిదప వేసిన దీపము పదవవంతు మాత్రమే వెలుగవలెనని ముందుగా ఆజ్ఞాపించి యుంచవచ్చును. మాకు కావలసినది ఇదియే.

ఇక అసలు విషయము. మామూలు స్విచ్చిని ఆపినపుడు లోపల రెండు లోహపు ముక్కలు విడిపోవును. వాని నడుమ గాలి తప్ప వేరేమియు నుండదు. ఆ స్విచ్చికి ఆహారమక్కరలేదు. స్మార్టు డిమ్మరో, రాత్రింబవళ్లు మేలుకొని ఆజ్ఞకై చెవియొగ్గి యుండవలెను. మేలుకొనువానికి ఆహారము కావలెను గదా! ఆ ఆహారము కరెంటే. కరెంటు ఫేజు తీగవెంట వచ్చి, న్యూట్రలు తీగవెంట మరలిపోవుటకు త్రోవ యున్ననే పారును. కాని మన ఇండ్లలో స్విచ్చికి సామాన్యముగా ఫేజు తీగయే తగిలి దీపమునకు పోవును. న్యూట్రలు తీగ స్విచ్చిని తాకకయే నేరుగ దీపమును చేరును. అట్టి చోట్లకై న్యూట్రలు అక్కరలేని డిమ్మరులును అమ్మకమున కలవు. అవి తమ ఆహారమును దీపము గుండనే త్రాగును. అనగా మనము ఆర్పితిమనుకొన్న దీపము గుండ సన్నని కరెంటు పారుచునే యుండును.

మా ఇంట మొదట బిగించినది అట్టిదే. సెలవులకు వచ్చిన మనుమడు మామ్మ అవస్థ చూచి, ముచ్చటపడి కొని తెచ్చెను. వీధిలో దొరికిన పనివాడొకడు పావుగంటలో బిగించి పోయెను. ఆ రాత్రి దీపము ఆర్పి పడుకొంటిమి. చూతుము గదా, బల్బు మిణుగురుపురుగువలె మినుకుమినుకుమనుచున్నది. పాతకాలపు బల్బులో తీగ కాగిననే గాని వెలుగు రాదు. ఎల్.ఇ.డి. బల్బు చిటికెడు కరెంటునకే పలుకును. ఆ సంగతి తెలియక, తప్పు బల్బుదే యనుకొని, మరునాడు డిమ్మరును ఆపి, ముక్కాలిపీట యెక్కి, బల్బు ఊడదీసి క్రొత్తది పెట్టబోతిని. వ్రేలు హోల్డరులోని పిన్నునకు తగిలినది. మోచేతివరకు ఝల్లుమన్నది. చేతిలోని బల్బు క్రిందపడి పగిలినది. రెండవచేయి కిటికీ ఊచను పట్టుకొని యుండుటచే నేను పడలేదు. గుమ్మమునకు తగిలి ఆమె పడునేమోయని తెచ్చిన పరికరము పీటమీదినుండి నన్ను పడద్రోయబోయినది.

నాటి సాయంకాలము నా పూర్వశిష్యుడొకడు, లైసెన్సుగల ఎలక్ట్రీషియను, వచ్చి చూచెను. బడిలో వానికి సంధులు రాలేదని నేను కోపించిన దినములు కలవు. అతడు బోర్డు విప్పి చూచి, “మాస్టారూ! మీరు ఆర్పింది దీపాన్నండీ, కరెంటును కాదు” అనెను. ఆ వాక్యము గడపమీది దీపమువలె రెండువైపుల వెలిగించినది. బల్బు ఏల మినుకుమన్నదో తెలిసినది, నా చేయి ఏల ఝల్లుమన్నదో తెలిసినది.

అతడు నాకు చెప్పినవానిని క్రమముగా చెప్పెదను. మొదటిది న్యూట్రలు సంగతి. మన ఇండ్లకొక అదృష్టము కలదు. స్విచ్చిలున్న బోర్డులోనే తరచుగా ప్లగ్గు పెట్టు సాకెట్టును ఉండును. సాకెట్టు పనిచేయుచోట న్యూట్రలు ఉండక తప్పదు. మా గదిలోనిది అట్టి బోర్డే. మొదటి పనివాడు దానిని చూడనైన లేదు. శిష్యుడు న్యూట్రలుతో పనిచేయు డిమ్మరును తెచ్చి బిగింపగా ఆ మినుకు నిలిచిపోయినది. తీగల రంగును నమ్మి పని చేయరాదు. పాత ఇండ్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు అని వాడుక. కాని తీగలు వేసినవాడు ఆ వాడుకను పాటించెనో లేదో పరీక్షించిననే తెలియును. ఎర్తు తీగను న్యూట్రలునకు బదులుగా ఎన్నడును తగిలింపరాదు. అది ప్రాణాపాయము.

రెండవది దీపము సంగతి. ఎల్.ఇ.డి. బల్బులన్నియు వెలుగు తగ్గింపునకు లోబడవు. డిమ్మబుల్ అని పెట్టెమీద వ్రాసియున్నదానినే కొనవలెను. తక్కినవి మినుకుమనును, గుయ్యిమని మ్రోగును, త్వరలో చెడిపోవును. చోకు గల ట్యూబులైటును, ఫ్యానును దీపపు డిమ్మరునకు తగిలింపరాదు. ఫ్యానునకు దాని రెగ్యులేటరే తగినది. మెట్లదగ్గర పైన ఒకటి, క్రింద ఒకటి స్విచ్చిలున్న దీపమునకు ప్రత్యేకమైన డిమ్మరు కావలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. న్యూట్రలున్న డిమ్మరైనను ఆపినంతమాత్రమున హోల్డరు నిర్జీవమైనదని నమ్మరాదు. దాని లోపలి కోతపని చేయునది ఎలక్ట్రానిక్ ముక్క, గాలి సందు కాదు. కనుక బల్బు మార్చవలసినను, పరికరమును ముట్టవలసినను ఆ గదికి సంబంధించిన ఎం.సీ.బీ. ని క్రిందికి దింపవలెను. పిమ్మట టెస్టరును మొదట కరెంటున్న వేరొక సాకెట్టులో పెట్టి అది వెలుగుచున్నదో లేదో చూడవలెను. తరువాత పనిచేయవలసిన తీగకు ఆనించి చూడవలెను. మరల మొదటి సాకెట్టులో చూడవలెను. చెడిన టెస్టరు చెప్పు అబద్ధమునకు ప్రాణము బలి కాకుండుటకు ఈ మూడు పరీక్షలు.

నాలుగవది చేతిమీట. వైఫై లేనినాడును గోడమీద నొక్కిన దీపము వెలుగవలెను. వృద్ధులు చీకటిలో సెల్‌ఫోను వెదకికొనరాదు గదా! కరెంటు పోయి వచ్చినపుడు దీపము ఏ స్థితిలో నుండవలెనో కూడ ముందే నియమించుకొనవలెను. లేనిచో అర్ధరాత్రి కరెంటు వచ్చినంతనే గది యెల్ల పగలై కూర్చుండును.

ఖర్చు తగ్గునని ఆశపడువారికి ఒక లెక్క. 9 వాట్ల బల్బును రోజునకు నాలుగు గంటలు సగము శక్తితో వెలిగించినచో ఏడాదికి సుమారు ఆరున్నర యూనిట్లు మిగులును. పరికరము మేలుకొని యుండుటకు ఒక్క వాటు త్రాగుననుకొన్నను, ఏడాదికి సుమారు ఎనిమిదిముప్పావు యూనిట్లు దానికే పోవును. కావున పొదుపు కొరకు దీనిని కొనకుడు. కన్నునకు సుఖము కావలెనన్న కొనుడు. అట్టి అవసరము లేనిచోట మామూలు స్విచ్చియే మేలు.

మా ఇంటిలో ఇప్పుడు రాత్రి మూడుగంటలకు దీపము వేసినను పదవవంతు వెలుగే వచ్చును. గుమ్మము కనబడును, కన్ను చెదరదు. ఆమె గుమ్మమునకు తగులుకొనుట మరల జరుగలేదు. నేనును ఎం.సీ.బీ. దింపక పీట యెక్కుట మానితిని.

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొమ్మని మన సామెత. ఈ ఒక్క పనికి మాత్రము దానిని కొంచెము మార్చుకొనవలెను. పగటివెలుగు ఉండగనే, తెలిసినవాని చేత, దీపమును నిజముగా కొండెక్కించిన పిమ్మటనే యిల్లు చక్కబెట్టుకొనుడు. సెలవు.