అందరి భాషలు, కొందరి జీతాలు



తమిళనాడులోని ధర్మపురి జిల్లా పెరియంపట్టిలో ఈనాడు పట్టభద్రులవుతున్న యువతీయువకులలో ఇంట తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగినవారు ఎందరో ఉన్నారు. కంప్యూటర్ ల్యాబులో వారందరికీ ఉమ్మడిగా అబ్బిన భాష పైథాన్. పైథాన్, పీహెచ్‌పీ, పెర్ల్, రూబీ వంటివాటిని స్క్రిప్టింగ్ భాషలంటారు. వీటిలో రాసిన ప్రోగ్రామును ముందుగా యంత్రభాషలోకి మార్చి ఉంచుకోనక్కరలేదు. ఇంటర్‌ప్రెటర్ అనే మరొక ప్రోగ్రాము దానిని అప్పటికప్పుడు చదివి నడిపిస్తుంది. ఆ ఇంటర్‌ప్రెటర్ మూలపాఠాన్ని, అంటే సోర్స్‌కోడ్‌ను, ఎవరైనా చదివి, మార్చి, పంచుకొనేందుకు వీలిచ్చే లైసెన్సు కింద విడుదల చేయడం వల్ల ఇవి ఓపెన్ సోర్స్ భాషలైనాయి. తమిళ పదాలతో ప్రోగ్రాములు రాయడానికి రూపొందిన ఎళిల్ భాషకు ఇంటర్‌ప్రెటర్‌ను పైథాన్‌లోనే రాశారు. అందుకు ఎవరినీ అనుమతి అడగవలసిన పని గాని, ఎవరికైనా రుసుము చెల్లించవలసిన పని గాని లేకపోయింది.

రుసుము లేనంత మాత్రాన ఖర్చు లేదనుకోవడం పొరపాటు. తమిళనాట చెరువు నీరు ఊరందరిదైనా, కట్టకు, తూముకు మరమ్మతులు చేసే బాధ్యతను కుడిమరామత్తు పేరిట ఊరివారే పంచుకొన్న సంప్రదాయం ఉంది. అందరివైన ఈ భాషలకు ఆ మరమ్మతు ఎవరు చేస్తున్నారు, వారికి జీతం ఎవరిస్తున్నారు అన్న ప్రశ్న కంప్యూటర్ చదువులో తగినంతగా వినిపించదు.

పైథాన్ చరిత్రే ఇందుకు సమాధానం చెబుతుంది. గైడో వాన్ రోసమ్ నెదర్లాండ్స్‌లోని ఒక గణిత పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1991లో పైథాన్‌ను విడుదల చేశాడు. తరువాత 2005 నుంచి గూగుల్‌లోను, 2013 నుంచి డ్రాప్‌బాక్స్‌లోను, 2020 నుంచి మైక్రోసాఫ్ట్‌లోను ఉద్యోగం చేశాడు. గూగుల్‌లో ఉండగా తన పనివేళల్లో సగం పైథాన్‌కే కేటాయించే వెసులుబాటు ఆయనకు ఉండేది. 2021లో మైక్రోసాఫ్ట్ జీతాలిచ్చి నియమించిన జట్టు పైథాన్ వేగాన్ని పెంచే పనికి పూనుకొన్నది. 2022లో వెలువడిన 3.11 సంచిక అంతకు ముందరి దానికంటే సగటున 25 శాతం వేగంగా నడవడంలో ఆ జట్టు కృషి ఎంతో ఉంది. అదే సంస్థ 2025 మేలో ఉద్యోగులను తగ్గించుకొన్నప్పుడు ఆ జట్టులోని పలువురు ఉద్యోగాలు కోల్పోయారు. లోకమంతా వాడుతున్న భాష పురోగతి ఒక్క కంపెనీ వార్షిక లెక్కలకు ముడిపడి ఉండడం నిజంగా ఆందోళన కలిగించవలసిన విషయం.

పీహెచ్‌పీ ఈ ప్రమాదాన్ని కొంత ముందుగా గుర్తించింది. ఆ భాషకు మూలస్తంభంగా నిలిచిన నికితా పోపోవ్‌కు జీతమిచ్చినది జెట్‌బ్రెయిన్స్ అనే సంస్థ. అది ప్రోగ్రామర్లు వాడే ఎడిటర్లను అమ్ముకొని బతుకుతుంది గనుక, భాష బాగుంటేనే దాని వ్యాపారమూ బాగుంటుంది. 2021లో ఆయన వేరే పనికి మళ్ళదలచినప్పుడు, జెట్‌బ్రెయిన్స్ మరికొన్ని సంస్థలతో కలిసి పీహెచ్‌పీ ఫౌండేషన్‌ను ప్రకటించింది. భారాన్ని ఒక్కరి భుజాల మీది నుంచి దించి, పలువురు ప్రోగ్రామర్లకు అనేక కంపెనీల విరాళాలతో వేతనమిచ్చే ఏర్పాటు అది. ఇంతవరకు కనిపించిన పద్ధతులలో ఇదే మేలైనది.

పనిముట్ల సంగతి ఇంకా సూక్ష్మమైనది. ల్యాబులో విద్యార్థి మైక్రోసాఫ్ట్ వారి వీఎస్ కోడ్ ఎడిటర్ తెరిచి, ఒక పేరు రాసి చుక్క పెట్టగానే, తరువాత రాయదగిన పదాల పట్టిక కిందికి జారుతుంది. పైథాన్ విషయంలో ఆ పట్టికను సాధారణంగా అందించేది పైలాన్స్ అనే అనుబంధం. పైథాన్ ఓపెన్ సోర్స్. వీఎస్ కోడ్ మూలపాఠంలో అధికభాగం ఎంఐటీ లైసెన్సు కింద అందరికీ తెరిచే ఉంది. కాని పైలాన్స్ మాత్రం మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్సుది, ఆ కంపెనీ ఉత్పత్తులలోనే దానిని వాడాలన్నది నిబంధన. తెరపై మూడూ ఒక్కటిగా కనిపించినా హక్కులు మూడు రకాలు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల నాయకత్వంలో మైక్రోసాఫ్ట్ 2018లో, ప్రోగ్రాముల మూలపాఠాలను దాచి పంచుకొనే చోటైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది. 2020లో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎం కూడా గిట్‌హబ్ చేతికి వచ్చింది. ఈ పెట్టుబడి వల్ల పేద విద్యార్థికి సైతం మేలైన పనిముట్లు ఖర్చులేకుండా అందాయన్నది నిజం. భాష అందరిదిగా ఉంటూనే దానిని రాసే బల్ల, దాచే గది ఒకే యజమాని చేతిలో చేరాయన్నదీ అంతే నిజం. శాస్త్రగణనకు వాడే అనకొండ అనే పైథాన్ పంపిణీ సైతం 2020లో నిబంధనలు మార్చి, 200 మందికి మించి ఉద్యోగులున్న సంస్థలు రుసుము చెల్లించాలన్నది. ఉద్యోగంలో చేరిన పట్టభద్రుడు లైసెన్సు చదవకుండా దానిని కంపెనీ యంత్రాలలో ఎక్కిస్తే చిక్కు అతని సంస్థకే.

అందరివైన ఈ భాషలను పోషించే విషయంలో భారతదేశం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు కేంద్ర విద్యాశాఖ నిధులతో నడుస్తోంది. ప్రామాణిక పాఠ్యగ్రంథాలలో సాధించి చూపిన లెక్కలను విద్యార్థులచేత పైథాన్‌లో తిరిగి చేయించి, సరిచూసి, వారికి పారితోషికం ఇచ్చే పథకం దానిదే. అక్కడి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోను, తమిళంలోను వినవచ్చు. త్రిమితీయ చిత్రణకు ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు వాడే మాయావి అనే పైథాన్ పనిముట్టు కర్త ప్రభు రామచంద్రన్ అక్కడి ఆచార్యుడే. ముంబైలోని ఫ్రాపే సంస్థ పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో రాసిన ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్‌గానే ఉంచి, దానిని తన సర్వర్లలో నడిపిపెట్టే సేవ ద్వారా ఆదాయం పొందుతోంది.

బెంగళూరులోని జెరోధా సంస్థ 2024 అక్టోబరులో ఫ్లాస్ ఫండ్ పేర ఏడాదికి 10 లక్షల డాలర్ల నిధిని ఏర్పాటు చేసి, ఏ దేశపు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకైనా తోడ్పడతామన్నది. అందుకు దరఖాస్తు చేసే ప్రాజెక్టు ఫండింగ్.జేసన్ అనే చిన్న ఫైలు రాసిపెట్టాలి: పని ఏమిటి, చేస్తున్నదెవరు, ఎంత డబ్బు కావాలి, ఏ మార్గంలో అందాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల పట్టభద్రులు తాము రాసిన లైబ్రరీని నలుగురూ వాడుతున్నప్పుడు మొహమాటపడకుండా ఆ ఫైలు రాయాలి. రేపు తామే ఒక కంపెనీలో ఖర్చుల పట్టిక తయారుచేసే స్థానానికి చేరినప్పుడు, తమ సాఫ్ట్‌వేర్‌కు ఆధారమైన భాషల ఫౌండేషన్ల పేర్లకూ అందులో ఒక వరుస కేటాయించాలి.