తిరుగు ప్రయాణమూ యాత్రయే

(ధర్మపురి గోదావరీ తీరాన యాత్రికుల సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీ లక్ష్మీనరసింహస్వామి వారి సన్నిధిలో, దక్షిణవాహినియైన గోదావరి ఒడ్డున మనమందరం కూడి ఉన్నాం. ఎగువన బాసరలో జ్ఞానసరస్వతిని సేవించుకొని వచ్చినవారు మీలో కొందరు. దిగువన కాళేశ్వరంలో ప్రాణహిత సంగమానికి వెళ్ళవలసినవారు మరికొందరు. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మన కరీంనగర్, ఆదిలాబాద్ సీమలో సముద్రయానం గూర్చి ప్రసంగమేమిటని మీకు తోచవచ్చు. మన పాదాలు కడిగిన ఈ నీరు చేరేది సముద్రాన్నే. ఆ సముద్రం మీద ఒక చిన్న నావ చేసిన ప్రయాణంలో, విశేషించి దాని తిరుగు ప్రయాణంలో, యాత్రికులమైన మనం గ్రహించదగిన ధర్మమొకటి ఉంది.

ఆ నావ పేరు ‘తారిణి’. భారత నౌకాదళానికి చెందిన తెరచాప నావ అది. గోవాలో నిర్మితమై 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. పొడవు 56 అడుగులు. అనగా మన ఆర్టీసీ బస్సు ఒకటిన్నర పొడవు మాత్రమే. ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఋషికుల్యా నదీతీరాన కొండపై వెలసిన తారా-తారిణి అమ్మవారి పేరునే దానికి పెట్టారు. పూర్వం కళింగ నావికులు ఆ తల్లికి మ్రొక్కి ఓడ నెక్కేవారని ప్రతీతి. తరింపజేయునది, దాటించునది తారిణి.

2017 సెప్టెంబరు 10న గోవా నుండి ఆరుగురు మహిళా నౌకాధికారులు ఈ నావపై భూప్రదక్షిణకు బయలుదేరారు. వారి నాయకురాలు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. తక్కినవారు ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా. వీరిలో స్వాతి విశాఖపట్నం బిడ్డ, ఐశ్వర్య మన హైదరాబాదు బిడ్డ. ఒంటరిగా తెరచాప నావపై భూమిని చుట్టివచ్చిన తొలి భారతీయుడైన దిలీప్ దోండే వద్ద వీరు శిక్షణ పొందారు. ఈ యాత్రకు పెట్టిన పేరు ‘నావికా సాగర్ పరిక్రమ’. పరిక్రమ అనగా ప్రదక్షిణమే కదా!

గుడిలో ప్రదక్షిణానికి నియమమున్నట్లే భూప్రదక్షిణానికీ నియమాలున్నాయి. తెరచాపల మీదనే సాగాలి. రేఖాంశాలన్నిటినీ దాటాలి. భూమధ్యరేఖను కనీసం రెండుమార్లు దాటాలి. నడచిన దూరం భూమి చుట్టుకొలతకు తగ్గరాదు. భూవృత్తానికి 360 అంశలు, ఒక్కొక్క అంశకు 60 కళలు. ఒక కళ దూరమే ఒక నాటికల్ మైలు. గుణించి చూడండి, 21,600 అవుతుంది. అంటే సుమారు 40,000 కిలోమీటర్లు. అన్నిటినీ మించిన నియమం ఇంకొకటి ఉంది. బయలుదేరిన చోటికే తిరిగి చేరాలి. ధ్వజస్తంభం వద్ద మొదలుపెట్టినవాడు తిరిగి ధ్వజస్తంభం వద్దకు రాకపోతే అది ప్రదక్షిణ మనిపించుకోదు.

తారిణి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ రేవులను తాకింది. అటుపిమ్మట పసిఫిక్ మహాసముద్రంలో నలభై రోజులకు పైగా నేల కానరాని ప్రయాణం. అరవై నాట్లకు మించిన గాలులు, ఏడు మీటర్ల ఎత్తు అలలు, ఎముకలు కొరికే చలి. 2018 జనవరి 19న దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రాన్ని దాటారు. ఎన్నో ఓడలను మ్రింగిన చోటు అది. ఫాక్లండ్ దీవులలోని పోర్ట్ స్టాన్లీలో ఆగి, అట్లాంటిక్ దాటి, మార్చి నెలలో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ చేరారు. అక్కడి నుండి మిగిలింది ఇంటిదారి. వేసుకొన్న ప్రణాళిక ప్రకారం నడుమ మరొక రేవు లేదు. ఆగితే గోవాలోనే ఆగాలి.

భయంకరమైన హార్న్ అగ్రం దాటిన నావకు, తెలిసిన హిందూ మహాసముద్రంలో, ఇంటిదారిలో ఆపద వచ్చింది. చుక్కానిని త్రిప్పే యంత్రాంగం చెడింది. తెరచాపలున్నాయి, గాలి ఉంది, నావలో ఆరుగురూ క్షేమంగా ఉన్నారు. కాని చుక్కాని మాట వినని నావకు గాలి ఎంత ఉన్నా అది మేలు చేయదు, కీడే చేస్తుంది.

అప్పుడు వారి ఎదుట రెండు దారులున్నాయి. ఎలాగో సర్దుకొని ఇంటివైపే సాగిపోవడం ఒకటి. దారి మళ్ళించి, అనుకోని రేవులో ఆగి, బాగుచేసుకొని బయలుదేరడం మరొకటి. ఆగితే రోజులు గడుస్తాయి. నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకుతాయి. అవి ముంచుకు వస్తే అరేబియా సముద్రం చిన్న నావకు అనుకూలం కాదు. దేశమంతా వారి రాకకై ఎదురుచూస్తున్నది. అయినా వారు తొందరపడలేదు. ఏప్రిల్‌లో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌కు నావను మళ్ళించారు. మరమ్మతు పూర్తయిన తరువాతనే మళ్ళీ తెరచాప ఎత్తారు. భూమధ్యరేఖను రెండవమారు దాటి, 254వ రోజున, 2018 మే 21న గోవా చేరారు. నాటి రక్షణమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ వారిని పంపినట్లే ఎదురేగి స్వాగతించారు. భారతీయ మహిళలే నడిపిన నావ భూమిని చుట్టిరావడం అదే మొదటిసారి. ఆ నెలలోనే అరేబియా సముద్రంలో ‘సాగర్’, ‘మెకును’ అనే రెండు తుపానులు పుట్టి పశ్చిమ తీరాలను బాధించాయి. సముద్రం ఎవరి తొందరనూ లెక్కచేయదు.

ఇదే తారిణి 2024 అక్టోబరు 2న మరల గోవా నుండి బయలుదేరి, లెఫ్టినెంట్ కమాండర్లు రూప, దిల్నా అనే ఇద్దరే నడుపగా, 2025 మే 29న క్షేమంగా తిరిగి వచ్చింది. మరమ్మతుకు ఆగిన నావ వెనుకబడలేదు. రెండవ ప్రదక్షిణకు మిగిలింది.

భక్తులారా! ‘తీర్థం’ అనే మాటా, ‘తారిణి’ అనే మాటా ఒకే ధాతువు నుండి పుట్టాయి. దాటడమే వాటి అర్థం. నదిని దాటే రేవు తీర్థం. దాటడానికి రెండు ఒడ్లు ఉండాలి. దర్శనం కాగానే యాత్ర ముగిసిందని మనం అనుకుంటాం. మన పెద్దలు అలా అనుకోలేదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని సామెత పుట్టిన రోజులలో, తిరిగి వచ్చినవాడే యాత్ర చేసినవాడు. అందుకే కాశీ నుండి ఇల్లు చేరిన పిమ్మట సమారాధన చేసి, బంధువులకు అన్నం పెట్టి, గంగను పంచి, అప్పుడు యాత్ర పూర్తయిందన్నారు. 

మరి నేడు మనం చేస్తున్నదేమి? శివరాత్రికి వేములవాడ వెళతాం. రాత్రంతా జాగరణ చేస్తాం. మనతో పాటు మన వాహనం నడిపే అబ్బాయీ జాగరణ చేస్తాడు. తెల్లవారగానే, ఒక్క పూట కిరాయి కలిసివస్తుందని, పనికి వేళ మించిపోతుందని, ఇంటివైపు పరుగు తీస్తాం. వెనుక కూర్చున్న మనం నిద్రిస్తాం. చక్రం పట్టినవాని రెప్పలు వాలుతాయి. వెళ్ళేటప్పుడు ఉన్న జాగ్రత్త వచ్చేటప్పుడు ఉండదు. కోరిక తీరింది, దారి తెలిసినదే, ఇల్లు దగ్గరే అనుకొనే ఘడియలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. నిద్రలేని సారథి చుక్కాని చెడిన నావ వంటివాడు.

‘స్వామి దయ ఉండగా భయమేల?’ అని కొందరంటారు. ఆ మాటలోని విశ్వాసానికి నమస్కారం. అయితే ఆలోచించండి. అమ్మవారి పేరే ధరించిన నావ అది. అమ్మ పేరుంది కదా అని చెడిన చుక్కానితో వారు సముద్రం మీద సాగలేదు. భగవంతుడు మనకిచ్చిన వివేకమూ ఆయన ప్రసాదమే. దానిని త్రోసిపుచ్చి దయను మాత్రమే కోరడం భక్తి అనిపించుకోదు.

కనుక మీకు నా విన్నపం. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఈ ఘాట్లకు లక్షలాదిగా జనం వస్తారు. బయలుదేరే ముందే తిరుగు ప్రయాణాన్నీ సంకల్పంలో చేర్చుకోండి. సారథికి భోజనం ముందు పెట్టండి. అతనికి నిద్ర లేకపోతే సత్రంలోనో, చెట్టు నీడనో ఆగండి. ‘ఇంకెంత, గంటలో చేరుతాం’ అని అతనిని తొందరపెట్టకండి. ‘నిద్ర వస్తున్నది’ అని అతడు చెప్పగలిగేటట్లు ఆదరంగా మాట్లాడండి. నడుమ ఆగిన ఆ చోటే మీ పోర్ట్ లూయిస్ అనుకోండి. ఒక పూట కిరాయి పోతుంది, ఒకనాటి కూలి పోతుంది. పోతే రానిది ప్రాణమొక్కటే.

మీరు చేర్చవలసిన ప్రసాదం కోసం ఇంటి వద్ద చేతులు ఎదురుచూస్తున్నాయి. ఆ చేతులలో పెట్టిననాడే మీ ప్రదక్షిణ పూర్తవుతుంది. మీరందరూ క్షేమంగా ఇల్లు చేరాలని స్వామివారిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

స్వస్తి.